భూమిలోని లోహమును వెదకు వినోదము: దాని పుట్టుపూర్వోత్తరములు

పొలము దున్నునపుడు నాగటి కఱ్ఱునకు ఏదైనను గట్టిగా తగిలినచో ఆగి చూడని రైతు లేడు. అది చాలసార్లు రాయియే యగును. ఒకప్పుడు పాత పాఱ ముక్కయో, ఎద్దు మెడనుండి జాఱిన గంటయో యగును. ఎన్నడో, ఏ తరమునకో ఒకసారి, నాణెముల కుండయు కావచ్చును. ఆ ఒక్క అవకాశమును తలచుకొని మనిషి వంగి మట్టిని కదపుట అనాదిగా వచ్చుచున్న యలవాటు.

ఈ కుతూహలమునకు యంత్రమును తోడుచేసికొని సెలవు దినములందు పొలముల వెంటను సముద్రతీరముల వెంటను తిరుగువారు ఇంగ్లండు, అమెరికా, ఆస్ట్రేలియా మున్నగు దేశములలో నేడు వేలకొలదిగా నున్నారు. వారి చేతిలోని దానిని లోహశోధక యంత్రమనవచ్చును. వాడుకలో మెటల్ డిటెక్టరు అందురు. పెద్ద దేవాలయముల వాకిళ్లయందును రైలు స్టేషనులయందును పోలీసువారు ఉపయోగించు పరికరము దీని జాతిలోనిదే. మన గ్రామములకు ఇట్టి యంత్రములు పట్టుకొని “మీ పొలములో నిధి యున్నది, చూపెదము” అని వచ్చువారును లేకపోలేదు. కావున ఈ యంత్రము ఎట్లు పుట్టినది, జనులకు దీనియందు అభిరుచి యెట్లు కలిగినది, ఇందు భూమిగల రైతునకు గల హక్కులేవి, బాధ్యతలేవి అను సంగతులను మన సంఘ సభ్యుల కొఱకు ఇచట వివరించుచున్నాము.

యంత్రము పనిచేయు విధము

ఒక కఱ్ఱ చివర పళ్లెమువంటి భాగముండును. దానిలో రాగి తీగ చుట్టలుండును. మొదటి చుట్టలో దిశ మాఱుచుండు విద్యుత్తును పాఱించినచో దాని చుట్టును అయస్కాంత ప్రభావము కలిగి, అది నేలలోనికి కొంతదూరము వ్యాపించును. ఆ పరిధిలో లోహపు ముక్క యేదైన నున్నచో దానిలో నీటి సుడులవంటి చిన్న విద్యుత్ప్రవాహములు పుట్టును. ఆ సుడులు తమ వంతున మఱియొక అయస్కాంత ప్రభావమును కలిగించును. రెండవ చుట్ట దీనిని గ్రహింపగా వెదకువాని చెవిలో ధ్వని వినబడును. యంత్రరహస్య మింతియే. ఇందు మంత్రము లేదు, అంజనము లేదు.

ఇందు రైతులు జ్ఞాపకముంచుకొనవలసినవి మూడు గలవు. మొదటిది, ఈ యంత్రము లోహమును మాత్రమే తెలుపును; రత్నములను గాని, మట్టిపాత్రలను గాని, శిలలను గాని తెలుపదు. రెండవది, లోహమున్నదని చెప్పునే గాని అది బంగారమని నిశ్చయముగా చెప్పజాలదు. క్రొత్త యంత్రములు లోహమును బట్టి ధ్వనిని మార్చుమాట నిజమే. అయినను, పానీయపు డబ్బా మూతకుండు అల్యూమినియపు ముక్కకును బంగారు ఉంగరమునకును ఒకే తీరు ధ్వని వచ్చుట ఈ వినోదమున నున్నవా రందఱును ఎఱిగినదే. మూడవది లోతు. చేతిలో పట్టుకొని తిరుగు సాధారణ యంత్రమునకు ఒంటి నాణెము జానెడు లోతున, మహా యైన అడుగు లోతున తెలియును. పెద్ద పాత్ర యైనచో మఱికొన్ని అడుగుల వఱకు తెలియవచ్చును. నిలువెత్తు లోతునకు మించి పూడియున్న బిందెలో ఎన్ని తులముల బంగారమున్నదో ఇట్టి యంత్రముతో చెప్పెదనను వాడు మోసగాడని యెఱుంగునది.

ప్రాణరక్షణకై పుట్టిన యంత్రము

ఈ యంత్రము మొదట వినోదమునకై పుట్టినది కాదు. 1879లో డేవిడ్ హ్యూస్ అను శాస్త్రజ్ఞుడు రెండు తీగచుట్టల ప్రభావములు సరితూగునట్లు అమర్చి, లోహము దగ్గఱకు వచ్చినప్పుడు ఆ తూకము చెడుటను ధ్వనిద్వారా గుర్తించు పరికరమును చూపెను. 1881 జూలై 2వ తేదీన అమెరికా అధ్యక్షుడు గార్ఫీల్డును ఒకడు తుపాకితో కాల్చెను. గుండు శరీరములో ఎచట నున్నదో వైద్యులకు తెలియలేదు. టెలిఫోనును కల్పించిన అలెగ్జాండరు గ్రాహం బెల్ ఇట్టి పరికరమునే సిద్ధపఱచి రోగి శయ్యయొద్దకు కొనిపోయెను. కాని, పఱుపులోని ఉక్కు స్ప్రింగులు పరీక్షకు అడ్డు వచ్చినవి. గుండు కుడివైపున నున్నదని నమ్మిన ముఖ్యవైద్యుడు ఆ ప్రక్కనే వెదకనిచ్చెను. గుండు నిజమునకు ఎడమవైపున నుండెను. సెప్టెంబరు 19వ తేదీన అధ్యక్షుడు మరణించెను. పరికరము పనికివచ్చునదే యైనను, వెదకవలసిన చోట వెదకనందున ఫలింపలేదు.

తరువాత, జర్మనీనుండి అమెరికా వెళ్లి స్థిరపడిన గెర్‌హార్డ్ ఫిషర్ అను ఇంజనీరు, విమానములకు దారి తెలుపు రేడియో పరికరములపై పనిచేయుచు, లోహపు ఖనిజములున్న ప్రదేశములయందు ఆ పరికరములు తప్పు దిశను చూపుటను గమనించెను. తప్పునకు కారణము లోహమైనచో, ఆ తప్పునుబట్టియే లోహమును పట్టవచ్చునుగదా యని ఆయన యాలోచించెను. ఆ విధముగా నిర్మించిన యంత్రమునకు 1937లో పేటెంటు లభించెను. భూమిలో పాతిన గొట్టములను, తీగెలను కనుగొనుటకు కంపెనీలవారును, ఖనిజములకై గనులవారును దీనిని ఉపయోగించిరి.

ఇంతలో రెండవ ప్రపంచయుద్ధము వచ్చెను. శత్రువులు నేలలో పాతిపెట్టిన మందుపాతరలపై కాలు మోపిన సైనికులు చనిపోవుచుండిరి. అప్పుడు స్కాట్లండులో నున్న పోలండు సేనలోని యూజెఫ్ కొసాట్స్కీ అను అధికారి, ఒక సైనికుడు చేతబట్టుకొని నడువదగిన యంత్రమును 1941–42 శీతకాలమున రూపొందించెను. దాని బరువు ఇంచుమించు 14 కిలోలు. 1942 అక్టోబరులో ఆఫ్రికా ఎడారిలోని ఎల్ అలమీన్ యుద్ధమున దాదాపు 500 యంత్రములు వాడబడినవి. కొసాట్స్కీ దీనికి పేటెంటు తీసికొనక బ్రిటిషు సేనకు ఉచితముగా నిచ్చెను. అందులకు 6వ జార్జి చక్రవర్తి ఆయనకు కృతజ్ఞతలు తెలుపుచు లేఖ వ్రాసెను. సహకారమును నమ్మిన మన సభ్యులకు ఈ సంగతి ప్రత్యేకముగా రుచించునని తలంచుచున్నాము.

యుద్ధసామగ్రి వినోదసామగ్రి యైన విధము

యుద్ధము 1945లో ముగిసెను. సేనలయొద్ద మిగిలిపోయిన సామగ్రిని ప్రభుత్వములు తక్కువ ధరకు అమ్మివేసెను. అందు అమెరికా సేన వాడిన మందుపాతర శోధకములును ఉండెను. వీనిని కొన్నవారిలో పలువురు యుద్ధమునుండి తిరిగివచ్చిన సైనికులు. వారికి ఈ పని తెలియును. అమెరికాలో 1861 మొదలు 1865 వఱకు జరిగిన అంతర్యుద్ధపు శిబిరములుండిన పొలములలో తుపాకి గుండ్లు, చొక్కా గుండీలు, బెల్టు బిళ్లలు పూడియుండెను. తాతల నాటి యుద్ధపు గుర్తులను వెదకుటకై తండ్రులు తమ యుద్ధపు యంత్రములను పట్టుకొని పొలములలోనికి దిగిరి. ఈ వినోదమునకు ఇదియే ఆరంభమని చెప్పవచ్చును. మొదటివారు వెదకినది ధనమును కాదు, తమ పూర్వుల జాడను.

ఆ యంత్రములు బరువైనవి. వానిలోని గాజు వాల్వులకు పెద్ద బ్యాటరీలు కావలసియుండెను. 1947 డిసెంబరులో ట్రాన్సిస్టరు కనుగొనబడిన పిమ్మట, 1950, 60 దశకములందు యంత్రము తేలికయై, వెల తగ్గి, స్త్రీలకును వృద్ధులకును అందుబాటునకు వచ్చెను. అదే కాలమున మఱియొక కారణము కలిసెను. 1965లో అమెరికా ప్రభుత్వము చిన్న నాణెములనుండి వెండిని తొలగించెను. అంతకు ముందటి నాణెము దొరికినచో దానిలోని వెండికే ముఖవిలువకు మించిన వెల వచ్చుచుండెను. తోటలలోను, బడుల ఆటస్థలములలోను, స్నానపు తీరములలోను జాఱిపడిన పాత నాణెములకై జనులు వెదకసాగిరి. 1970 దశకమున బంగారపు ధర పెరుగుటతో ఆస్ట్రేలియా బంగారు భూములకు యంత్రములు తఱలినవి. 1980లో విక్టోరియా రాష్ట్రములోని కింగోవరు గ్రామము దగ్గఱ నేలకు కొలది అంగుళముల లోతున 27 కిలోల బంగారపు ముద్ద ఈ యంత్రముచేతనే బయల్పడెను.

ఇట్టి వార్త ఒకటి పత్రికలలో పడినచో వేయిమంది యంత్రములు కొందురు. కాని వారిలో చాలమందికి దొరకునది మేకులు, సీసా మూతలు, తుప్పుపట్టిన నాడాలు మాత్రమే. అయినను వారు మానకుండుటకు కారణము వేఱు. ఆరుబయట నడక, తోడివారి స్నేహము, పాత పటములు చదివి ఊరి పూర్వచరిత్ర తెలిసికొనుట, పరుల పోయిన ఉంగరమును వెదకి యిచ్చుటవలని సంతోషము, ఇవియే వారిని నిలిపినవి. బంగారమునకై వచ్చినవారు త్వరగా విసుగుచెందుదురు; చరిత్రకై వచ్చినవారు నిలుతురు.

పొలముగలవారికి వచ్చిన చిక్కు

ఇంగ్లండులో ఈ వినోదము 1970 దశకమున మిక్కిలిగా ప్రబలెను. ఆ దేశపు నేలలో రోమకులు మొదలుకొని ఎన్నో జాతులవారు విడిచిన వస్తువులు గలవు. పనివారు దినమెల్ల శ్రమించి మొలిపించిన పైరును త్రొక్కుచు, అనుమతి లేక రాత్రులందు వచ్చి త్రవ్వుకొనిపోవు దొంగలు బయలుదేరిరి. సర్రీ జిల్లాలోని వాన్‌బరో అనుచోట నున్న రోమక దేవాలయస్థలమును 1980 దశకమున వీరు కొల్లగొట్టిరి. అచటి నాణెములు దేశదేశములకు అమ్ముడుపోయెను. ఆ దేవాలయపు చరిత్ర చాలవఱకు చెదరిపోయెను. పురాతత్త్వజ్ఞులు ఈ వినోదమునే మాన్పింపవలెనని 1980లో ఉద్యమము నడపిరి. వెదకువారు తమ పక్షమున 1981లో జాతీయసంఘము నేర్పఱచుకొనిరి. ఇరుపక్షములకును చాలకాలము వైరము సాగెను.

పురాతత్త్వజ్ఞుల వాదము రైతులకు సులభముగా బోధపడును. ఏ పంటయు తన నేలనుండి పెఱికినంతనే ఎచట పండినదో చెప్పదు. నాణెమును అంతే. అది ఏ లోతున, దేని ప్రక్కన, ఏ కుండలో నున్నదో వ్రాసికొన్నచో ఆ ఊరి చరిత్ర తెలియును. పెఱికి జేబులో వేసికొన్నచో తులము లోహము మాత్రము మిగులును.

ఈ వైరము చల్లాఱుటకు దారిచూపిన సంఘటన ఒకటి 1992 నవంబరు 16వ తేదీన సఫోక్ జిల్లాలోని హాక్సన్ గ్రామమున జరిగెను. ఒక కౌలురైతు పొలములో తన సుత్తిని పోగొట్టుకొనెను. తోటమాలిగా పనిచేసి విశ్రాంతి పొందిన అతని మిత్రునికి పదవీవిరమణ కానుకగా వచ్చిన లోహశోధక యంత్రమొకటి యుండెను. సుత్తిని వెదకుటకు వచ్చిన ఆ మిత్రునికి వెండి చెంచాలు, బంగారు నాణెములు కనబడెను. కొంత తీసిన పిమ్మట, ఇది సామాన్యము కాదని గ్రహించి, మిగిలినదానిని ముట్టక ఆపివేసి, రైతుతో కలిసి పోలీసువారికిని భూమి సొంతదారగు జిల్లా కౌన్సిలునకును తెలియజేసెను. మఱునాడు పురాతత్త్వశాఖవారు వచ్చి వరుస చెడకుండ త్రవ్విరి. 14,865 రోమక నాణెములును, దాదాపు 200 వెండి బంగారు వస్తువులును లభించినవి. అవి ఒక కొయ్యపెట్టెలో ఏ వరుసను సర్దబడియుండెనో కూడ తెలిసినది. ప్రభుత్వము 17 లక్షల 50 వేల పౌనుల పారితోషికమిచ్చెను. ఆనాటి ఆచారము ననుసరించి అది కనుగొన్నవానికే చెందినను, ఆ మిత్రుడు దానిని రైతుతో పంచుకొనెను. సుత్తియు దొరికినది, అదియు నిధితోపాటు బ్రిటిషు మ్యూజియమునకు చేరినది.

ఇటువంటి అనుభవములమీద 1996లో అచట క్రొత్త చట్టము చేయబడెను. నిధి దొరికినవారు 14 దినములలో అధికారికి తెలుపవలెను. మ్యూజియమువారు దానిని గైకొన్నచో ఇచ్చు పారితోషికమును కనుగొన్నవాడును భూమిగలవాడును సామాన్యముగా చెఱిసగము పంచుకొందురు. నిధి కాని చిన్న వస్తువులను గూడ తమంతట తామే చూపి నమోదు చేయించుకొనుటకు 1997లో ఒక ఏర్పాటు జరిగెను. ఇప్పటికి పదిహేను లక్షలకు మించిన వస్తువులు దానిలో నమోదైనవి. వాదులాడిన ఇరుపక్షములు నేడు చాలవఱకు కలిసి పనిచేయుచున్నవి.

మన నేలలోని రోమక నాణెములు

హాక్సన్ నిధిలో మిరియపు పొడి చల్లుకొను వెండి భరిణెలు నాలుగు కలవు. ఆ కాలమున రోమకుల మిరియములు దక్షిణ హిందూదేశమునుండి ఓడలలో పోవుచుండెను. వాని వెలగా వచ్చిన రోమక బంగారము మన నేలలో మిగిలినది. ఇది మన తెలుగు రైతు చరిత్రలోను ఒక పుట.

1786 ప్రాంతమున నెల్లూరు సమీపమున ఒక రైతు రాతికొండ ప్రక్క దున్నుచుండగా నాగలి ఇటుక కట్టడమునకు తగిలెను. అతడు త్రవ్వి చూడగా చిన్న దేవాలయపు శిథిలములును, వాని క్రింద ఒక చిన్న కుండలో క్రీ. శ. 2వ శతాబ్దపు రోమక నాణెములును కనబడెను. రైతు వానిని పాత బంగారము క్రింద అమ్మివేసెను. వానిలో చాల కరగిపోయినవి. ఆర్కాటు నవాబు కుమారుడగు అమీరుల్ ఉమరా ముప్పదికి పైగా నాణెములను తిరిగి సంపాదించెను. చెన్నపట్టణపు గవర్నరుగా నుండిన అలెగ్జాండరు డేవిడ్‌సన్ ఈ సంగతిని ఒక లేఖలో వ్రాసియుండుటచేత మనకు ఈ మాత్రము తెలిసినది. ఆ రైతు పేరు తెలియదు; ఆ కుండలో మొత్తమెన్ని యుండెనో తెలియదు.

ఆ రైతును మేము నిందింపము. ఆనాడు అతనికి హక్కు చెప్పు చట్టము లేదు, న్యాయమైన వెల యిచ్చువాడు లేడు. అతడు బంగారమును బంగారపు ధరకే అమ్ముకొనెను. దాని అసలు విలువ ఇతరుల పాలాయెను. మన సభ్యులకు నేడు అట్టి నష్టము కలుగవలసిన పనిలేదు.

సభ్యులు పాటింపవలసినవి

మన దేశమున 1878వ సంవత్సరపు నిధుల చట్టము అమలులో నున్నది. దాని ముఖ్యాంశములివి. పది రూపాయలకు మించిన విలువగల నిధి భూమిలో దొరికినచో, ఏమి దొరికినది, ఎచట దొరికినది, ఏనాడు దొరికినది అను సంగతులను కలెక్టరుగారికి వ్రాతమూలకముగా తెలుపవలెను. నిధిని దగ్గఱలోని ప్రభుత్వ ఖజానాలో ఉంచవలెను. లేదా దానికి తగిన హామీ ఇయ్యవలెను. విచారణలో దానికి సొంతదారులు లేరని తేలి, భూమిగలవాడు వేఱుగా నుండి, వారిరువురి నడుమ ముందుగా ఒడంబడిక లేనిచో, మూడువంతులు కనుగొన్నవానికిని, నాలుగవ వంతు భూమిగలవానికిని చెందును. ఒడంబడిక యున్నచో దాని ప్రకారము పంపకము జరుగును. ప్రభుత్వము నిధిని తానే గైకొనదలచినచో, దానిలోని లోహపు విలువకు ఐదవ వంతు చేర్చి యిచ్చును. దాచిపెట్టినవాడు తన భాగమును కోల్పోవుటయే గాక, ఒక సంవత్సరము వఱకు ఖైదునకో, జుల్మానాకో, రెంటికిని గాని పాత్రుడగును.

కావున నాగటికి కుండ తగిలినచో నాగలి నాపి, చోటు గుర్తుపెట్టి, నలుగురి యెదుట లెక్కించి, తహసీల్దారుగారిద్వారా కలెక్టరుగారికి తెలుపుడు. కడుగవద్దు, తోమవద్దు, కరగింపవద్దు. తోమిన నాణెము అక్షరములను పోగొట్టుకొనును.

యంత్రముతో ఎవరైనను మీ పొలములోనికి వచ్చెదమన్నచో, వ్రాతలేని మాటపై పోనీయవద్దు. పాతిన గొట్టమునో, పోయిన పనిముట్టునో వెదకుటకు యంత్రము మంచి సాధనము. దానికి కూలి యిచ్చుట న్యాయము. నిధి పేరిట ముందుగా డబ్బు అడుగువానిని, బలులు పూజలు చేయుమనువానిని, అర్ధరాత్రి త్రవ్వుదమనువానిని ఊరి సరిహద్దు దాటింపుడు. పాత దేవాలయములను, కోటలను, దిబ్బలను త్రవ్వుటకు ఒప్పుకొనవద్దు. ప్రభుత్వము రక్షిత ప్రదేశములుగా ప్రకటించినచోట్ల అనుమతి లేక త్రవ్వుట 1958వ సంవత్సరపు చట్టముచేత నేరము.

ఈ విషయమును సంఘ సమావేశములలో చదివి వినిపింపవలసినదిగా కార్యదర్శులను కోరుచున్నాము. కౌలుదారులకును కూలివారికిని ఇది ముఖ్యముగా తెలియవలెను. ఏలయన నాగలి పట్టువారు వారే, కుండ ముందుగా కనబడునది వారికే. భూమిగలవారును దున్నువారును ముందే ఒక మాట వ్రాసికొన్నచో, ఏనాడైనను కుండ బయటపడినప్పుడు ఊరిలో తగవు పుట్టదు.